ఏ ఒడ్డు నుంచి చూశారు?

2019 డిసెంబరులో ఒకే జలపాతం ఫోటోలు రెండు రకాలుగా ప్రపంచమంతా తిరిగాయి. ఒక రకం ఫోటోల్లో నల్లటి రాతిగోడ, దాని మీద అక్కడక్కడా జారుతున్న సన్నటి ధారలు. వందేళ్లలో ఎన్నడూ లేని కరవుకు విక్టోరియా జలపాతం ఎండిపోయిందని వాటి కింద రాశారు. అప్పటి జాంబియా అధ్యక్షుడు ఎడ్గర్ లుంగు కూడా ఆ రోజుల్లోనే ఎండిన గోడను చూపించి, వాతావరణ మార్పు ఏం చేస్తోందో చూడమని లోకాన్ని హెచ్చరించారు. పక్కదేశం జింబాబ్వేలోని పర్యాటక వ్యాపారులు మాత్రం వేరే వీడియోలు పెట్టారు. వాటిలో నీళ్లు హోరుమంటూ దూకుతున్నాయి, తుంపర పైకి లేస్తోంది. జలపాతం ఎక్కడికీ పోలేదు, వచ్చి చూడండి అన్నది వాళ్ల మాట.

రెండు రకాలూ నిజమైన ఫోటోలే. ఎవరూ దేన్నీ కల్పించలేదు. ఫోటో తీసినవాళ్లు నిలబడ్డ ఒడ్డు వేరు, అంతే.

పరిశోధన ఎలా చేయాలో పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం. మన బడుల్లో ప్రాజెక్టు పని అనగానే జరిగేది తెలిసిందే. ఇంటర్నెట్‌లో ముందు కనిపించిన పేజీలోంచి నాలుగు అంకెలు, రెండు బొమ్మలు తీసి చార్టు మీద అతికిస్తారు. ఆ అంకె ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎక్కడ నిలబడి కొలిచారు అని అడిగేవాళ్లు ఉండరు. రెండు దేశాలు పంచుకునే జలపాతం దగ్గర ఈ మూడు ప్రశ్నలూ అడగకుండా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. ప్రతి సంగతికీ రెండు ఒడ్లు ఉంటాయి, ప్రతి అంకెకూ ఒక నెల ఉంటుంది.

ముందు భూగోళం. జాంబెజీ 2,574 కిలోమీటర్ల పొడవైన నది. జాంబియా వాయవ్య మూలన పుట్టి, అంగోలాలోకి వెళ్లి, మళ్లీ జాంబియాలోకి వచ్చి, జింబాబ్వే సరిహద్దుగా కొంతదూరం సాగి, మొజాంబిక్ దాటి హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. సరిహద్దుగా సాగే ఆ భాగంలోనే ఒకచోట నేల అడ్డంగా చీలినట్టు ఉంటుంది. 1,708 మీటర్ల వెడల్పున నది మొత్తం ఆ చీలికలోకి పడుతుంది. గరిష్ఠ లోతు 108 మీటర్లు. నీళ్లు పడే గోడకు ఎదురుగా మరో గోడ లేస్తుంది కాబట్టి, చూసేవాళ్లు ఆ రెండో గోడ అంచున నిలబడి జలపాతాన్ని ముఖాముఖి చూస్తారు. అలా చూడగలిగిన అంచులో ఎక్కువ భాగం జింబాబ్వేది. తూర్పు కొస జాంబియాది. పడమటి కొసన ఉన్న డెవిల్స్ కేటరాక్ట్ దగ్గర నది అడుగు మిగతాచోట్ల కంటే పల్లం. నీరు తగ్గినకొద్దీ ప్రవాహం అటు జరుగుతుంది, తూర్పున రాయి బయటపడుతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి జాంబియా వైపు గోడ చాలామటుకు ఎండిపోవడం ఏటా జరిగేదే.

ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడు 2019 ఫోటో చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న దానంతట అదే వస్తుంది: మామూలు ఏడాదిలో ఇదే నెలలో, ఇదే చోటు ఎలా ఉంటుంది? ఏప్రిల్‌లో తీసిన ఫోటో పక్కన డిసెంబరు ఫోటో పెట్టి తేడా చూపితే అది రుజువు కాదు. డిసెంబరు పక్కన ఇంకో డిసెంబరును పెట్టాలి. పత్రికల్లో వచ్చిన ఎన్నో చిత్రాల జతలు ఈ చిన్న పరీక్షకే నిలవవు.

ఒక్క ప్రశ్నతో ఆగితే మాత్రం పరిశోధన సగంలో ఆగినట్టే. అయితే కరవు అబద్ధమా? కాదు. జాంబెజీ నీటి లెక్కలు చూసేది జాంబెజీ నదీ ప్రాధికార సంస్థ. రెండు దేశాలూ 1987లో జంట చట్టాలు చేసి దీన్ని ఉమ్మడిగా ఏర్పాటు చేసుకున్నాయి. జలపాతం దగ్గరి ప్రవాహానికి 1907 నుంచి లెక్కలున్నాయి. ఏడాది పొడవునా సగటు తీస్తే సెకనుకు దాదాపు 1,100 ఘనపు మీటర్లు. ప్రాజెక్టుల నీటిమట్టాల వార్తలు చదివే మనవాళ్ల లెక్కలో సుమారు 39 వేల క్యూసెక్కులు. ఆ సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రవాహం 1995 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది. అంటే కష్టం నిజం. కింద కరీబా జలాశయం అడుగంటి రెండు దేశాల్లోనూ గంటల తరబడి కరెంటు కోతలు పెట్టారు. కానీ ‘వందేళ్లలో ఎన్నడూ లేదు’ అన్న మాట నది ప్రవాహానికి అతకదు. కురవాల్సిన వాన ఎంత తగ్గింది అన్నది ఒక కొలత, నదిలో ఎంత నీరు పారింది అన్నది మరో కొలత. శీర్షిక రాసినవాళ్లు రెండింటినీ కలిపేశారు. పిల్లలు విడదీయాలి.

ఇంకో కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. జాంబియా ఒడ్డున 1938 నుంచి జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని సామర్థ్యం ఇప్పుడు 108 మెగావాట్లు. జలపాతానికి ఎగువన కాలువ ద్వారా నీరు తీసుకుని, టర్బైన్లు తిప్పి, దిగువన లోయలో వదిలేస్తుంది. నిండు నదిలో ఆ నీరు ఒక లెక్కలోది కాదు. ఎండాకాలపు సన్నటి నదిలో, అదీ తూర్పు కొసకు చేరాల్సిన నీటిలో, అది కనిపించే తేడాయే. కాబట్టి ఆ నల్లరాతి గోడ వెనక కనీసం మూడు సంగతులున్నాయి: ఏటా వచ్చే రుతువు, ఆ ఏటి కరవు, మనిషి మళ్లించిన నీరు. దేని వాటా ఎంత? ఇదీ పరిశోధించదగిన ప్రశ్న. ‘విక్టోరియా జలపాతం గురించి రాయుము’ అన్నది ప్రశ్న కానే కాదు.

మరుసటి ఏడాది వానలు బాగా పడి 2020 మార్చి, ఏప్రిల్ నాటికి నదిలో పదేళ్లలో చూడనంత నీరు వచ్చింది. అప్పుడు కొందరు వాతావరణ మార్పు అంతా వట్టిదేనని తేల్చేశారు. ఒక ఎండిన డిసెంబరుతో రుజువు కానిది ఒక నిండు ఏప్రిల్‌తో కొట్టివేయబడదు. దశాబ్దాల వరసను గ్రాఫులో పెట్టి, ఒడిదుడుకుల మధ్య వాలు ఎటుందో చూడాలి. ఆ వరసను గీసిన పిల్లలకు మరో వింత కూడా కనిపిస్తుంది. అక్కడ వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా, నదికి వరద వచ్చేదేమో ఏప్రిల్‌లో. గోదావరికి ఎగువన వాన పడ్డ నాలుగైదు రోజుల్లో భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరగడం చూసిన పిల్లలకు ఈ ఆలస్యం వింతగా ఉంటుంది. కారణం ఎగువన పడమటి జాంబియాలో ఉన్న బరోట్సే మైదానం. అది మహా విశాలమైన పల్లపు నేల. వరద నీరు దాని మీద పరుచుకుని, నిలిచి, వారాల తరబడి మెల్లగా కిందికి దిగుతుంది. పాఠ్యపుస్తకంలో ఈ సంగతి చదివితే ఒక వాక్యం. గ్రాఫులో వాన గీత, నది గీత ఎందుకు కలవలేదో బుర్ర బద్దలుకొట్టుకుని, పటం తెచ్చి చూసి, తామే కనుక్కుంటే అది వాళ్ల సొంత జ్ఞానం.

లివింగ్‌స్టన్ దారం

అంచనాకూ కొలతకూ ఉన్న తేడా నేర్పడానికి ఈ జలపాతం చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది.

స్కాట్లండ్ నుంచి వచ్చిన మతప్రచారకుడు, వైద్యుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1855 నవంబరులో కొలోలో తెగ పాలకుడు సెకెలెటు సాయంతో జలపాతం దాకా వచ్చాడు. స్థానిక పడవవాళ్లు అతన్ని సరిగ్గా అంచున ఉన్న చిన్న లంకకు చేర్చారు. అతను బోర్లా పడుకుని కిందికి తొంగిచూశాడు. 1857లో అచ్చయిన పుస్తకంలో వెడల్పు వెయ్యి గజాలనీ లోతు వంద అడుగులనీ రాశాడు. మన లెక్కలో వెడల్పు 914 మీటర్లు, లోతు 30 మీటర్లు. ఇప్పుడు తెలిసిన కొలతలతో పోలిస్తే వెడల్పు సగానికి కాస్త ఎక్కువ, లోతు మూడో వంతు కూడా లేదు. చూసింది కళ్లారా చూశాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాలనుకున్నాడు. అయినా ఇంత తేడా వచ్చింది. ప్రత్యక్షసాక్షి చెప్పాడు కాబట్టి నిజమే అయ్యుంటుందనుకునే పిల్లలకు ఈ రెండు అంకెలు పలక మీద రాసి చూపిస్తే చాలు.

1860లో లివింగ్‌స్టన్ తిరిగి వచ్చాడు. ఈసారి తమ్ముడు చార్లెస్, వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ కిర్క్ వెంట ఉన్నారు. దారానికి తుపాకీ గుళ్లు కట్టి, అడుగు పొడవు తెల్లగుడ్డ కట్టి కిందికి వదిలారు. గుడ్డ కనిపిస్తోందా లేదా అని వాళ్లలో ఒకరు బండ మీద పడుకుని చూస్తున్నారు. 310 అడుగుల దారం జారాక బరువు ఒక వాలు రాతి మీద ఆగిపోయింది. అక్కడి నుంచి నీటికి ఇంకో 50 అడుగులు ఉండవచ్చని రాసుకున్నారు. మొత్తం 360 అడుగులు, అంటే దాదాపు 110 మీటర్లు. ఇప్పటి అంకె 108. వెడల్పును సెక్స్‌టెంట్ అనే కోణమాపకంతో కొలిస్తే 1,860 గజాలకు కాస్త పైన వచ్చింది. మీటర్లలో 1,701. ఇప్పటి అంకెకు ఏడు మీటర్ల తేడా!

ఒక సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొలతలో 1,860కి ‘కాస్త పైన’ వచ్చినా, తాము కొలిచిన సంవత్సరానికి గుర్తుగా 1,860 గానే ఉంచామని లివింగ్‌స్టన్ తర్వాతి పుస్తకంలో స్వయంగా రాశాడు. అంకెను అలా ముచ్చటకు సర్దడం తప్పా ఒప్పా అని తరగతిలో వాదన పెట్టవచ్చు. తప్పే. ఆ కొసరు ఎంతో ఇప్పుడు మనకు తెలిసే దారి లేదు. అయినా సర్దిన సంగతి దాచకుండా రాయడం, దారం ఎక్కడ ఆగిందో, మిగతాది ఊహ అని ఒప్పుకోవడం మంచి పరిశోధకుడి లక్షణాలు. పిల్లలు రాసే నివేదికలో ‘ఇది కొలిచాం’, ‘ఇది ఊహించాం’ అని రెండు గడులు విడిగా ఉండాలని ఉపాధ్యాయులు పట్టుబట్టాలి.

అదే లివింగ్‌స్టన్ మరో విషయంలో పూర్తిగా పొరబడ్డాడు. ఏదో ఒక ఉత్పాతంలో భూమి ఒక్కసారిగా పగిలి ఆ చీలిక ఏర్పడిందని అతని నమ్మకం. చాలాకాలం అందరూ అదే అనుకున్నారు. 1905లో ఏ. జె. సి. మోలినో అనే భూవిజ్ఞాని, జలపాతం దిగువన మెలికలు తిరిగిన లోయలను పరిశీలించి, ఇది నది తొలిచిన పనేనని వాదించాడు. ఇప్పుడు అంగీకరించిన వివరణ అదే. ఆ నేల సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గడ్డకట్టిన బసాల్ట్. చల్లారేటప్పుడు దానిలో పగుళ్లు పడ్డాయి, తర్వాత వాటిలో మెత్తటి రాయి నిండింది. నది ఆ మెత్తటి గీతలను పట్టుకుని తొలుస్తూ, ఒక చీలిక నుంచి ఎగువనున్న మరో చీలికకు వెనక్కి జరుగుతూ వచ్చింది. దిగువన కనిపించే మెలికల లోయల్లో ఒక్కొక్కటీ ఒకప్పుడు జలపాతమే. పడమటి కొసన డెవిల్స్ కేటరాక్ట్ లోతుగా కోసుకుపోతున్నది కూడా తర్వాతి చీలిక కోసమే. 2019 డిసెంబరులో జింబాబ్వే వైపు నీళ్లు ఎందుకున్నాయన్న ప్రశ్నకు చివరి జవాబు ఇక్కడుంది.

‘అతి పెద్దది’ అంటే ఏమిటి?

ఏ వెబ్‌సైటు తెరిచినా ఇది ప్రపంచంలో అతి పెద్ద జలపాతమని ఉంటుంది. పిల్లలు దాన్ని ఎత్తి రాసేస్తారు. ఎత్తులో వెనెజ్వేలాలోని ఏంజెల్ జలపాతం 979 మీటర్లు. వెడల్పులో లావోస్‌లోని ఖోన్ జలపాతం పది కిలోమీటర్ల పైమాటే. మరి విక్టోరియాకు ఆ పేరు ఎలా వచ్చింది? వెడల్పునూ ఎత్తునూ గుణించి, తెగకుండా పడే నీటి తెర విస్తీర్ణం చూస్తే అది ముందు నిలుస్తుంది. ఆ లెక్క తప్పేం కాదు. ఏ లెక్కన అన్నది చెప్పకపోవడమే తప్పు.

అర్జెంటీనా, బ్రెజిల్ పంచుకునే ఇగ్వాసు జలపాతం దగ్గర చిక్కు ఇంకా సరదాగా ఉంటుంది. అక్కడ ఎన్ని జలపాతాలున్నాయని అడిగితే ఒకరు 150 అంటారు, ఒకరు 275 అంటారు, ఒకరు 300 అంటారు. నీరు తక్కువైతే ఒక తెర విడిపోయి నాలుగవుతుంది, ఎక్కువైతే నాలుగూ కలిసి ఒకటవుతాయి. అంకె పక్కన తేదీ లేకపోతే అది సమాచారం కాదు. ఇగ్వాసును యునెస్కో వారసత్వ జాబితాలో రెండు దేశాలూ విడివిడిగా చేర్పించాయి, 1984లో అర్జెంటీనా, 1986లో బ్రెజిల్. జాంబియా, జింబాబ్వేలు మాత్రం 1989లో తమ జలపాతాన్ని ఒకే ఆస్తిగా నమోదు చేయించాయి. రాణి విక్టోరియా పేరుతో పాటు స్థానికుల పేరు మోసి-ఓవా-టున్యా కూడా అందులో ఉంది. లివింగ్‌స్టన్ కంటే ఎన్నో తరాల ముందు నుంచి టోంగా, లేయా ప్రజలు ఆ ఒడ్డునే బతికారు. కాబట్టి ‘లివింగ్‌స్టన్ కనుగొన్నాడు’ అనే వాక్యం పిల్లల నోట్సులో కనిపిస్తే ఉపాధ్యాయుడు ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా, పక్కన ‘ఎవరికి?’ అని ఒక ప్రశ్న రాస్తే మేలు.

తరగతిలో ఈ పాఠం నడపడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పిల్లలను రెండు జట్లు చేయాలి. ఒక జట్టు జాంబియా నుంచి వచ్చిన సమాచారాన్నే సేకరిస్తుంది, ఇంకోటి జింబాబ్వేదే. సర్కారు పత్రాలు, పత్రికలు, పర్యాటక ప్రకటనలు, విద్యుత్ సంస్థల లెక్కలు, ప్రయాణికుల ఫోటోలు ఏవైనా సరే. ప్రతిదాని పక్కన ఎవరు చెప్పారు, ఏ నెలలో చెప్పారు, వాళ్లకు ఇందులో లాభం ఏమిటి అని రాయాలి. తర్వాత రెండు జట్లూ ఎదురెదురుగా కూర్చోవాలి. పొంతన కుదిరినచోట టిక్కు పెట్టుకోవచ్చు. కుదరనిచోటే అసలు పని మొదలవుతుంది. ఎండిన ఫోటో వల్ల సందర్శకులు తగ్గితే నష్టపోయేది ఎవరు? వాతావరణ నష్టపరిహారం అడిగే దేశానికి ఆ ఫోటో ఎందుకు కావాలి? ఇలా అడగడం ఎవరినీ అనుమానించడం కాదు. చెప్పేవాడి చోటును తెలుసుకుంటే చెప్పిన మాట బరువు తెలుస్తుంది. పన్నెండేళ్ల పిల్లలకు ఇది అర్థం కాదనుకునే పెద్దలు వాళ్లను తక్కువ అంచనా వేస్తున్నారు. ఆటలో అంపైర్ ఏ జట్టువాడో ముందుగా అడిగేది వాళ్లే.

రెండు ఒడ్లూ కలిసి తేల్చాల్సిన పెద్ద ప్రశ్న ఒకటి ఇప్పటికీ మిగిలే ఉంది. జలపాతానికి సుమారు 50 కిలోమీటర్ల దిగువన, బటోకా లోయలో 2,400 మెగావాట్ల ఉమ్మడి విద్యుత్ ప్రాజెక్టు కట్టాలని రెండు దేశాలూ ఏళ్లుగా అనుకుంటున్నాయి. చీకట్లో ఉన్న ఊళ్లకు కరెంటు వస్తుంది. లోయలో తెల్లటి సుడుల మీద తెప్పలు నడిపి బతికేవాళ్ల ఉపాధి మునుగుతుంది. జలాశయం వెనక్కి ఎంతదాకా తన్నుతుంది, వారసత్వ ప్రదేశం హద్దుకు చేరుతుందా అన్నది పటం, ఎత్తుల గీతలు, ఆనకట్ట మట్టం ముందు పెట్టుకుని పై తరగతుల పిల్లలు స్వయంగా లెక్కగట్టగల ప్రశ్న.

మన దగ్గర దేశాల సరిహద్దు జలపాతం లేదు గానీ రాష్ట్రాల సరిహద్దు జలపాతం ఉంది. మాచ్‌ఖండ్ నది మీద డుడుమ జలపాతం. ఒక పక్క అల్లూరి సీతారామరాజు జిల్లా, మరో పక్క ఒడిశాలోని కోరాపుట్ జిల్లా. దాని నీటితోనే 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ కేంద్రం నడుస్తోంది, అది రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. అక్కడా ఎగువన నీరు మళ్లుతుంది, అక్కడా జలపాతం రూపు నెలను బట్టి మారుతుంది. ఇక ఎత్తు సంగతి. ఒకచోట చదివితే 157 మీటర్లు, మరోచోట చదివితే 175. అంకెలు ఎక్కడో తారుమారై ఉండాలి. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారే తప్ప సరిచూసుకోలేదు. అంచు దగ్గరకు వెళ్లే పని లేకుండా, దూరంగా రెండు చోట్ల నిలబడి కోణమాపకంతో చూసి, పదో తరగతి త్రికోణమితితో ఎత్తు తేల్చవచ్చు. 1993లో మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్ కోరేది కూడా చుట్టుపక్కల ఉన్న ఇలాంటి ప్రశ్ననే. అరకు, పాడేరు, ముంచింగిపుట్టు బడుల ఉపాధ్యాయులు కోరాపుట్ వైపు బడులతో మాట్లాడుకుని, రెండు ఒడ్ల పిల్లలతో విడివిడిగా కొలిపించి, రెండు లెక్కలనూ ఒకచోట పెట్టాలి. ఆ రెండు అంకెల్లో ఏది నిజమో ఈ ఏడాదే తేల్చండి.